చేప పేగులో నీలం దారం

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. పోయిన ఆదివారం మా ఆయన రెండు కేజీల బొచ్చె చేప తెచ్చారు. చెరువు చేప, బాగా తాజాగా ఉంది. మార్కెట్లో కోయించకుండా ఇంటికే తెచ్చారు కాబట్టి నేనే కత్తిపీట ముందు కూర్చున్నాను. పేగు తెగిన చోట నీలం రంగు దారం ఒకటి బయటికి వచ్చింది, వేలెడు పొడవుంది. దాని పక్కనే గోరంత కవరు ముక్క. ఆ రోజు పులుసు పెట్టాను గానీ నాకు ముద్ద దిగలేదు. మాకు నాలుగేళ్ళ బాబు, రెండేళ్ళ పాప. పాపకు ఈమధ్యే ముల్లు తీసి చేప పెట్టడం మొదలుపెట్టాను. ఇక చెరువు చేప మానేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక తల్లి, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: అమ్మా, మానేయొద్దు. ముందు ఈ మాట చెప్పి తరవాత మిగతాది చెబుతాను.

మీకు దగ్గర్లోని కనిగిరి రిజర్వాయరు ఆయకట్టులోనే నేను పుట్టి పెరిగాను. నా చిన్నప్పుడు మా ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళ ముందు పెద్ద అండాల్లో తుమ్మచెక్క ఉడుకుతుండేది. నూలు వలలు కుళ్ళిపోకుండా ఆ కషాయంలో ముంచి ఎండేసేవాళ్ళు. వీధంతా వగరు వాసన. తరవాత నైలాన్ వల వచ్చింది. ఉడకబెట్టే పని లేదు, కుళ్ళదు, మోయడానికి తేలిక. అందరూ సంతోషించారు. మా నాన్న కూడా ఒకటి కొన్నాడు. కుళ్ళకపోవడమే దాని గొప్పతనం, ఇప్పుడు దానితోనే మనకు చిక్కు వచ్చింది. నూలు వల ముక్క తెగి చెరువులో పడితే కొన్నాళ్ళకు మట్టిలో కలిసిపోయేది. నైలాన్ ముక్క ఎండకు పెళుసెక్కి, రాళ్ళకు రాసుకుని, పోగులు పోగులుగా విడిపోతుందే గాని పోదు. మీకు దొరికిన నీలం దారం తెగిన వలదో, తాడుదో, గుంటల చుట్టూ కట్టే నీలం జాలీదో అయి ఉంటుంది.

ఆ దారం పారేయకుండా ఉంటే ఒక పని చేయండి. ఆరుబయట పట్టకారుతో పట్టుకుని కొసకు అగ్గిపుల్ల చూపించండి. ముడుచుకుపోయి కొసన గట్టి పూస కట్టిందంటే అది ప్లాస్టిక్. కాగితంలా కాలి బూడిద రాలితే నూలు. పొగ మాత్రం పీల్చకండి.

నిజానికి వేలెడు దారాన్ని మైక్రోప్లాస్టిక్ అనరు. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలకే ఆ పేరు, అంటే పెసరగింజకు అటూ ఇటూగా ఉన్నదాని దగ్గర్నుంచి కంటికి ఆననంత చిన్నదాని దాకా. 2004లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్, ఆయన తోటివాళ్ళు సముద్రపు ఒడ్డు ఇసుకలో, నీళ్ళలో ఇలాంటి ముక్కల గురించి రాశాక ఆ మాట వాడుకలోకి వచ్చింది. మన దేశంలో సరస్సుల అడుగు మట్టిలో ఇవి ఉన్నాయని మొదట 2017లో కేరళలోని వేంబనాడ్ సరస్సు గురించి ప్రచురించారు. అక్కడ చదరపు మీటరుకు సగటున 252 ముక్కలకు పైగా లెక్కపెట్టారు. మీరు కంటితో చూసిన దారం వెనక కంటికి కనిపించని పోగులు కూడా ఉంటాయని అనుకోవాలి. అందుకే మీ ఉత్తరాన్ని తేలిగ్గా తీసుకోలేదు.

ఇక చేప సంగతి. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా జువాలజీ పాఠం చెప్పాను కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువే చెబుతాను. బొచ్చె, రాగండి, మోసు మూడూ ఒకే కుటుంబం. వీటికి మనకున్నట్టు వేరే జీర్ణాశయం ఉండదు. గొంతు దాటగానే పేగే. రాగండిని కోసినప్పుడు చూడండి, ఒంటి పొడవుకు ఎన్నో రెట్లున్న పేగు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. మూడూ ఒకే చెరువులో ఉన్నా మేత తినే చోటు వేరు. బొచ్చె నీటి పైభాగంలో తిరుగుతూ మొప్పల దగ్గరున్న సన్నటి జల్లెడతో సూక్ష్మజీవుల్ని వడగట్టుకుంటుంది. రాగండి మధ్యలో తింటుంది. మోసు అడుగు బురదలో కుళ్ళిన ఆకునీ అలమునీ తింటుంది. ప్లాస్టిక్‌లోనూ తేలేవి, మునిగేవి ఉన్నాయి. పాల కవరు, నూనె కవరు లాంటి పాలిథిన్ తేలుతుంది. నైలాన్, పాలియెస్టర్ పోగులు నీటికన్నా బరువు, మెల్లగా అడుక్కి దిగుతాయి. పైన వడగట్టే చేపకు ఒకటి, అడుగున తినే చేపకు ఒకటి. కొరమీను వేటాడే చేప, అది మింగిన చిన్న చేపతో పాటు దాని పేగులోదీ మింగుతుంది.

అయితే అది చేరేది ఎక్కువగా పేగులోకి, మొప్పల్లోకి. మనం తినే కండలో దొరికేది చాలా తక్కువ. 2016లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు చూసి, 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కన్నా పెద్ద రేణువులు పేగు గోడ దాటి ఒంట్లోకి చేరడం జరగదనీ, అవయవాల లోపలి దాకా పోగలిగేవి ఒకటిన్నర మైక్రాన్ల లోపువేననీ చెప్పింది. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దాన్నిబట్టి ఊహించుకోండి. పేగు తీసి వండుకునే అలవాటు మనకు పెద్ద రక్ష. మా అమ్మ చేతి అలవాటు అది, మీ అమ్మదీ అదే అయి ఉంటుంది.

మీరు ఏదో వీడియోలో గుండెజబ్బుల మాట విన్నారేమో, అది కూడా చెప్పేస్తాను. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వును ఆపరేషన్ చేసి తీసిన 257 మందిని వెంబడించి చూశారు. 150 మందికి ఆ కొవ్వులో పాలిథిన్ రేణువులు దొరికాయి. ఆ తరవాత మూడేళ్ళకు కాస్త తక్కువ కాలంలో వాళ్ళకు గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు మిగతావాళ్ళ కన్నా నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ ప్లాస్టిక్ చేపల ద్వారా వచ్చిందని గానీ, ప్లాస్టిక్ వల్లే గుండెపోటు వచ్చిందని గానీ ఆ పరిశోధన తేల్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదికలో, మనుషుల ఆరోగ్యానికి ఎంత ముప్పో చెప్పడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవని, అయినా ప్లాస్టిక్ కాలుష్యాన్ని తగ్గించాల్సిందేనని రాసింది. రెండేళ్ళ పాపకు చేపలో దొరికే మాంసకృత్తులు, మంచి కొవ్వులు వదులుకునేంత కారణం నాకు వీటిలో కనిపించలేదు.

కోసేటప్పుడు ఇలా చేయండి. పొలుసు తీశాక ముందు మొప్పలు తీసేయాలి. మనవాళ్ళకు తలకాయ పులుసంటే ప్రాణం కదా, మొప్పలు ఉంచి తలకాయ వేయకండి, నీటిలోని పోగులు చిక్కుకునేది అక్కడే. తరవాత పొట్టను లోతుగా కాకుండా పైపైన చీల్చి, పేగు తెగకుండా మొత్తం ఒక్కసారిగా లాగేయండి. పిత్తం చిట్లకూడదని ఎలాగూ జాగ్రత్త పడతాం, పేగుకూ అదే జాగ్రత్త. పొట్ట లోపలి నల్లపొరను ఉప్పుతో రుద్ది తీసేయండి. అప్పుడు ముక్క కోయకుండా ముందు కత్తిపీటనూ చేతుల్నీ కడుక్కోండి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. పేగు కోసిన కత్తితోనే, అదే పళ్ళెంలో ముక్కలు కోసేస్తాం. మార్కెట్లో కోయించినా ఇంటికొచ్చాక ధారగా పడే నీళ్ళకింద మళ్ళీ కడగండి. జన (చేప గుడ్లు) ఉంటే వాడుకోండి, పేగు తెగి దానిమీద పడి ఉంటే బాగా కడిగి వాడండి.

పాపకు వీపు ముక్క పెట్టండి. ఇంకొక మాట అడుగుతాను, పాపకు పాలు ఏ సీసాలో పడుతున్నారు? 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ వాళ్ళు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాలసీసాల్లో వేడినీళ్ళు పోసి పాలపొడి కలిపే పద్ధతిని పరీక్షిస్తే లీటరుకు 1.6 కోట్ల దాకా రేణువులు విడుదలయ్యాయి. చేప గురించి ఇంత బెంగపడిన తల్లికి ఇది చెప్పకుండా ఉండలేను. పాలు స్టీలు గిన్నెలో కాచి, చల్లార్చి, స్టీలు గ్లాసుతో పట్టండి. రెండేళ్ళ పిల్ల గ్లాసుతో తాగగలదు.

ప్రశ్న: చింతపండు పులుసులో బాగా ఉడికిస్తే ప్లాస్టిక్ కరిగిపోతుందా?
గృహిణి, కోవూరు

జవాబు: కరగదమ్మా. చింతపండు పులుపుకు గానీ, మామిడికాయ పులుపుకు గానీ అది లొంగదు. పులుసు కాగేది 100 డిగ్రీల దగ్గర. పాలీప్రొపిలీన్ మెత్తబడి కరగాలంటే 160 కావాలి. ఒకవేళ కరిగినా రూపం మారుతుందే తప్ప మాయం కాదు. పులుసు మాత్రం మట్టిదాకలోనే పెట్టి, మర్నాటి దాకా అందులోనే ఉంచండి. వేడివేడి పులుసును ప్లాస్టిక్ డబ్బాలో పోసి కూతురింటికి పంపడం మానుకోండి. శుభ్రమైన చేపకు మనమే చివర్లో ప్లాస్టిక్ కలిపినట్టవుతుంది.

ప్రశ్న: ఈ గొడవంతా ఎందుకని చేపలు మానేసి చికెన్ తింటే సేఫ్ కదా?
పాఠకుడు, నెల్లూరు

జవాబు: బాబూ, చికెన్ తిన్నా ఉప్పు వేసుకుంటారు కదా. 2024 ఆగస్టులో టాక్సిక్స్ లింక్ అనే ఢిల్లీ సంస్థ మన దేశంలో అమ్మే పది రకాల ఉప్పు, ఐదు రకాల పంచదార పరీక్షిస్తే అన్నిటిలోనూ మైక్రోప్లాస్టిక్ ఉంది. సీసా నీళ్ళ గురించి అదే ఏడాది అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు లీటరుకు సగటున 2.4 లక్షల ముక్కలు లెక్కపెట్టారు, అందులో తొంభై శాతం నానో సైజువే, అంటే ఒక మైక్రాన్ కన్నా చిన్నవి. చేప ఒక్కదాని మీద నేరం మోపి పక్కన పెడితే మిగతా దారులు తెరిచే ఉంటాయి. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కూడా 2024లోనే ఆహారంలో ఈ రేణువుల్ని కొలిచే పద్ధతులు తయారుచేసే పని మొదలుపెట్టింది. లక్నోలోని విషశాస్త్ర పరిశోధన సంస్థ, కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ, బిట్స్ పిలానీ ఆ పనిలో చేరాయి.

ప్రశ్న: 120 మైక్రాన్ల కవర్లే వాడుతున్నాం. అవి మంచివేనా?
కిరాణా కొట్టు యజమాని, పొదలకూరు

జవాబు: 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల లోపు కవర్లు నిషేధం. మీరు చట్టం పాటిస్తున్నారు, సంతోషం. మందం కవరు గాలికి ఎగిరిపోదు, మళ్ళీ వాడుకోవచ్చు, ఏరుకునేవాళ్ళు ఏరతారు. ఆ మేరకు మేలు. కాలవలో పడి ఎండకు ఎండితే మాత్రం అదీ పొడి అవుతుంది, కాస్త ఆలస్యంగా. గిన్నె తెచ్చుకున్నవాళ్ళకు రూపాయి తగ్గించి చూడండి. మా వీధి చివర చేపలమ్మే ఆమె స్టీలు క్యారియర్ తెచ్చినవాళ్ళకు ఒక ముక్క ఎక్కువ వేస్తుంది. ఆదివారం పూట ఆమె దగ్గర క్యారియర్ల వరసే కనిపిస్తుంది.

ప్రశ్న: మేం పరిగెలు, చిన్న జెల్లలు ఎక్కువగా తింటాం. వాటికి పేగు ఎవరు తీస్తారు? ముల్లుతో సహా నమిలేస్తాం. వాటిలో ప్లాస్టిక్ ఎక్కువ ఉంటుందా?
పాఠకురాలు, ఆత్మకూరు

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. చేపను మొత్తంగా తింటే దాని పేగులో ఉన్నదంతా మనకే వస్తుంది, కాబట్టి పెద్ద చేప కన్నా చిన్న చేప దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. కానీ ఆ ముల్లులోనే సున్నం (కాల్షియం) ఉంది, పేదింటి పిల్లలకు పాలకు బదులు అదే. అందుకే మానమనను. పరిగెను ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, తల కింద చిన్న గాటు పెట్టి, తోక వైపు నుంచి పొట్ట నొక్కండి. పేగు నల్లటి దారంలా బయటికి వచ్చేస్తుంది. మా అమ్మమ్మ చేదు పోవాలని ఇలా చేసేది. పావుకిలో పరిగెలకు పావుగంట పడుతుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా తొందరగా అవుతుంది. ఆ పేగుల్ని మాత్రం మళ్ళీ కాలవలో పోయకండి.

ప్రశ్న: నేను నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకుని బొచ్చె, రాగండి పెంచుతున్నాను. మేత అందరిలాగే సంచుల్లో కట్టి వేలాడదీస్తాను. ఈమధ్య ఒక వ్యాపారి, చెరువు చేపల్లో ప్లాస్టిక్ ఉందట కదా అని ధర తగ్గించబోయాడు. మా చేపలో నిజంగా ఉంటుందా? ఏం చేయాలి?
చేపల రైతు, ఇందుకూరుపేట

జవాబు: నాయనా, నిజమే చెబుతాను. కాలవ నీళ్ళు పెట్టుకునే చెరువులోకి ఊరి చెత్త నీటితోపాటే వస్తుంది, అది మీ చేతుల్లో లేదు. మీ చేతుల్లో ఉన్నది ఆ మేత సంచి.

ఈ పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. తౌడు, వేరుశనగ చెక్క కలిపి ప్లాస్టిక్ గోతాల్లో నింపి, గోతానికి కింద బెజ్జాలు పెట్టి, చెరువులో పాతిన గెడలకు కడతారు. చేపలు వచ్చి బెజ్జాల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. మేత వృథా కాదు, ఏ సంచి ఖాళీ అయిందో చూసి చేపల ఆకలి తెలుసుకోవచ్చు. మన ఆంధ్రా చేపల రైతులకు పేరు తెచ్చిన మంచి పద్ధతి. నేను కాలేజీ పిల్లల్ని తీసుకెళ్ళి చాలాసార్లు చూపించాను. అలా వెళ్ళినప్పుడే ఒకసారి గెడకు కట్టిన పాత సంచిని పట్టుకుంటే నా చేతిలో పొడిపొడిగా రాలిపోయింది. మిద్దెమీద వదిలేసిన యూరియా సంచి రెండు ఎండాకాలాలకు ఎలా అవుతుందో మీకు తెలుసు. అదే సంచి చేప మూతి దగ్గర, రోజూ వందలసార్లు లాగుతుంటే ఏమవుతుంది? చేప తౌడుతోపాటు పోగులూ మింగుతుంది.

సంచి మానమని చెప్పడం లేదు. జనపనార సంచి తొందరగా కుళ్ళుతుందని మీరంటారు, నిజమే. కాబట్టి ఉన్న సంచినే పెళుసెక్కకముందు మార్చండి. చేత్తో గీరితే గోటికి పొడి అంటుకుందంటే దాని పని అయిపోయినట్టే. బెజ్జాలు కత్తితో కోస్తే అంచుల నుంచి పోగులు ఊడతాయి. కాల్చిన కడ్డీతో పెడితే అంచు కరిగి అతుక్కుంటుంది. ఒక నోటుపుస్తకంలో కట్టిన సంచులెన్ని, విప్పి ఒడ్డుకు తెచ్చినవెన్ని రాయండి. లెక్క తేడా వస్తే ఆ తేడా చెరువులోనే ఉంది. ఖర్చు పెట్టుకోగలిగితే తేలే మేత గుళికలకు మారండి, వాటికి సంచి కట్టే పని ఉండదు.

ఇంకొకటి, ఇది వ్యాపారికి కూడా చెప్పండి. 2017లో కెనడాలో గోల్డ్‌ఫిష్‌లకు ప్లాస్టిక్ పూసలు, పోగులు మేతలో కలిపి పెట్టి, అవి ఎంతసేపట్లో బయటికి వస్తాయో చూశారు. సగం పది గంటల్లో, తొంభై శాతం 33 గంటల్లో మలంతోపాటు వచ్చేశాయి. గోల్డ్‌ఫిష్ మన బొచ్చె, రాగండిల చుట్టమే, దానికీ జీర్ణాశయం లేదు. పట్టుబడికి ముందు మేత ఆపడం మీకు అలవాటే, ప్రయాణంలో చేప నిలవాలని ఆపుతారు. ఆ ఒక్క రోజును రెండు రోజులు చేయండి. ఖాళీ పేగుతో వెళ్ళిన చేప శుభ్రంగానూ ఉంటుంది, తొందరగా పాడవదు కూడా. ఈ ముక్క పట్టుకుని ధర మాట్లాడండి.

ప్రశ్న: మేడం, నేను కావలిలో డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను. చేపల్లో మైక్రోప్లాస్టిక్ మీద ప్రాజెక్టు చేయాలనుంది. మా కాలేజీలో మామూలు మైక్రోస్కోపు తప్ప ఏమీ లేదు. చేయవచ్చా?
విద్యార్థిని, కావలి

జవాబు: చేయవచ్చమ్మా, చెయ్యి. మామూలు మైక్రోస్కోపుతోనే నేనూ చేయించాను.

చేప పేగును గాజు బీకరులో పెట్టి పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోసి, 40 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచితే కండ, కొవ్వు కరిగిపోయి ప్లాస్టిక్ మిగులుతుంది. అది ఒంటిమీద పడితే కాలుతుంది, కళ్ళలో పడితే చూపు పోతుంది. లెక్చరర్ పక్కన లేకుండా ముట్టుకోవద్దు. తరవాత చిక్కటి ఉప్పునీళ్ళు కలిపితే తేలికైనవి పైకి తేలతాయి. లీటరు నీళ్ళకు 350 గ్రాముల పైన ఉప్పు కరుగుతుంది. పై జవాబుల్లో ఉప్పు సంగతి చదివావు కదా, ఆ ఉప్పునీళ్ళను ముందు ఫిల్టర్ పేపరులో వడగట్టాలి, లేకపోతే ఉప్పులో ఉన్నదాన్ని చేప ఖాతాలో వేస్తావు. ఉప్పునీళ్ళలో పాలిథిన్, నైలాన్ తేలతాయి. పాలియెస్టర్, నీళ్ళ సీసాల ప్లాస్టిక్ బరువు ఎక్కువ కాబట్టి చాలావరకు అడుగునే ఉంటాయి. కాబట్టి నీ లెక్క ఎప్పుడూ అసలు కన్నా తక్కువే వస్తుంది. ఆ సంగతి రిపోర్టులో రాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఖాళీ పళ్ళెం. మొదటిసారి మా పిల్లలు ఫిల్టర్ పేపరు చూసి మేడం, ఎన్ని పోగులో అని అరిచారు. గులాబీరంగువి, సన్నవి. నాకు అనుమానం వచ్చి చేప లేకుండా నీళ్ళు మాత్రమే పెట్టిన పళ్ళెం పక్కన ఉంచి చూశాం. దాన్లోనూ అవే గులాబీ పోగులు. ఆ రోజు నేను కట్టుకున్న పాలియెస్టర్ చీర రంగు గులాబీ. అప్పటివరకూ రాసిన పేజీలు కొట్టేయించాను. పిల్లలకు ఏడుపొచ్చింది, నాకూ బాధేసింది. తరవాతి వారం అందరం నూలు బట్టలు కట్టుకుని, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి మొదటినుంచి చేశాం. ఆ చీర మాత్రం నా బుర్రలోంచి పోలేదు. ఊరికే కట్టుకుంటేనే బీకరులో అన్ని పోగులు పడితే, ఉతికినప్పుడు కాలవలోకి ఎన్ని పోతున్నాయో కదా. 2016లో ప్లిమత్‌లోనే ఆరు కేజీల అక్రిలిక్ బట్టలు ఒక్కసారి మిషన్లో ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు వస్తాయని అంచనా కట్టారు. నువ్వు చేపలో చూడబోయే పోగుల్లో వలవి ఎన్ని, చీరలవి ఎన్ని అన్నది రంగు, మందం చూసి విడదీయడానికి ప్రయత్నించు. వేడి సూది ముట్టిస్తే ప్లాస్టిక్ పోగు వంకర తిరుగుతుంది. అది ఏ ప్లాస్టిక్కో కచ్చితంగా తేలాలంటే మాత్రం ఇన్ఫ్రారెడ్ పరికరం కావాలి, దానికి విశ్వవిద్యాలయం వాళ్ళను అడగాలి. మీ హెచ్‌ఓడీ చేత ఉత్తరం రాయించు.

ఒక చెరువు చేపలే తీసుకో. కలుజు (మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటు) దగ్గర పట్టినవి కొన్ని, తూము దగ్గర పట్టినవి కొన్ని. పది చెరువులు తిరిగి ఒక్కో చేప తేవడం కన్నా అది మేలు.

ప్రశ్న: అమ్మా, నేను చదువుకోలేదు, మా మనవడి చేత రాయిస్తున్నాను. సోమశిల నీళ్ళలో నలభై ఏళ్ళుగా చేపలు పడుతున్నాను. ఇదివరకు పుట్టి (గుండ్రటి చిన్న పడవ) ఉండేది, పాడైపోయింది. ఇప్పుడు థర్మకోల్ షీట్లు కట్టుకుని తెప్ప చేసుకున్నాను. అది రాలి తెల్లటి గింజలు నీళ్ళమీద పోతుంటాయి. చేపలు వాటిని మేత అనుకుని నోట్లో వేసుకోవడం నా కళ్ళతో చూశాను. మనసు ఒప్పుకోవడం లేదు. పుట్టి కొనే స్తోమత లేదు. ఏం చేయమంటారు?
ఒక పెద్దాయన, అనంతసాగరం మండలం

జవాబు: అన్నా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో మీది నేను రెండుసార్లు చదివాను. మీరు చూసింది నిజం. థర్మకోల్ అంటే పాలీస్టైరీన్‌లో గాలి నింపి ఉబ్బించిన పూసల్ని అతికించిన షీటు. ఎండకు, రాపిడికి ఆ పూసలు విడిపోతాయి. అవి అడుక్కి దిగవు, తేలుతూనే ఉంటాయి. పైన మేత తినే బొచ్చెకు అవి మేతలాగే కనిపిస్తాయి.

ఇప్పటికి ఇలా చేయండి. తెప్పను ఒడ్డుకు లాగి రాలుతున్న అంచుల్ని గోతంలోకి కోసేయండి, నీళ్ళ దగ్గర కాదు, ఇంటి దగ్గర. తరవాత షీట్లన్నిటినీ కలిపి మందపాటి టార్పాలిన్‌లో చుట్టి, అంచులు లోపలికి మడిచి గట్టిగా కుట్టించండి. గెడ రాసుకునే వైపు, మీరు మోకాలు ఆనించే చోట పాత సైకిలు ట్యూబు గానీ చెక్క గానీ కట్టండి, ఎక్కువగా చిరిగేది అక్కడే. టార్పాలిన్ కూడా ప్లాస్టికే, కానీ గింజలు రాలకుండా పట్టి ఉంచుతుంది. చిరిగినప్పుడు మార్చుకోవచ్చు. పనైపోయాక తెప్పను ఎండలో వదలకుండా చెట్టునీడకు లాగిపెట్టండి. తెగిన వల ముక్కలు కూడా నీళ్ళలో పారేయకుండా తెప్పమీద ఒక సంచిలో వేసుకుని ఇంటికి తీసుకురండి.

పుట్టి సంగతికి, మనవడిని వెంటబెట్టుకుని నెల్లూరులో మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్ళండి. 2020లో కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పడవలు, వలలు ఇచ్చే భాగం పెట్టారు, అది ఇప్పుడూ నడుస్తోందా అని అడగండి. అందులో సబ్సిడీ మామూలుగా 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతంగా పెట్టారు. ఇంట్లో ఆడవాళ్ళ పేరుమీద పెట్టుకోవచ్చేమో కూడా అక్కడ అడగండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, సొసైటీ సభ్యత్వం ఉంటే ఆ కార్డు తీసుకెళ్ళండి. సొసైటీలో మీలాంటివాళ్ళు ఇంకా ఉంటే అందరూ కలిసి ఒకే రోజు వెళ్ళండి. అప్లికేషన్ రాయడం కష్టమైతే మీ మనవడిని మళ్ళీ నాకు ఉత్తరం రాయమనండి. నేను రాసి పంపుతాను, మీరు వేలిముద్ర వేసి ఇస్తే చాలు.